ఇరవై బకెట్ల లెక్క

ఆ ఆదివారం పొద్దున్నే మా అపార్ట్‌మెంట్‌లో మోటారు కాలిపోయింది. కింద సంపు నిండా నీళ్లు. మూడో అంతస్తులో మా కుళాయికి మాత్రం చుక్క లేదు. ఇరవై బకెట్లు పైకి తెచ్చిపెట్టమని వాచ్‌మన్ భార్యని అడిగాను. ‘బకెట్‌కి ఐదు రూపాయలివ్వండమ్మా’ అంది. బేరమాడటం అలవాటైన నోరు కదా... మూడుకి ఒప్పించాను.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అక్క కొడుకు హాల్లో ఫిజిక్స్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. ‘పిన్నీ, ఈవిడ చేసే పని ఎన్ని జౌల్స్ అవుతుందో చెప్పనా?’ అంటూ హుషారుగా పెన్ను తీశాడు.

ఒక న్యూటన్ బలంతో ఒక వస్తువుని ఆ బలం దిశలో ఒక మీటరు జరిపితే జరిగిన పని ఒక జౌల్. బకెట్లో నీళ్లు 15 కిలోలు, ఎత్తు సుమారు 10 మీటర్లు. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే బకెట్‌కి 1,500 జౌల్స్. ఇరవై బకెట్లకి 30,000.

అబ్బో, చాలా ఎక్కువే అనుకున్నాను. వాడు కరెంటు బిల్లు తెచ్చాడు. అందులో ఒక యూనిట్ అంటే కిలోవాట్ అవర్... 36 లక్షల జౌల్స్! ఆమె పని అందులో 120వ వంతు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అరనిమిషంలో మింగేసే కరెంటు. ‘పది పైసలు కూడా కాదు పిన్నీ, నువ్వు అరవై రూపాయలిస్తున్నావ్’ అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంతలో పదమూడో బకెట్ దించి, ఆమె గుమ్మంలోనే చతికిలబడింది. కొంగుతో చెమట తుడుచుకుంది. మావాడి నవ్వు ఆగిపోయింది. ‘బకెట్‌తోపాటు తననీ తను పైకి మోసుకురావాలి కదా!’ అంటూ మళ్లీ లెక్క మొదలెట్టాడు.

ఆమె బరువు 50 కిలోలనుకుంటే ఇరవైసార్లకి మరో లక్ష జౌల్స్. మొత్తం 1,30,000. అక్కడితో అయిపోలేదు. తిండి ఇచ్చే శక్తిలో మన కండరాలు పనిగా మార్చేది మహా అయితే నాలుగో వంతు. మిగతాదంతా వేడే. పనికీ వేడికీ లంకె ఉందని 1840ల్లో ఇంగ్లండ్‌లో ప్రయోగాలు చేసి తేల్చిన జేమ్స్ జౌల్ పేరే ఈ కొలతకి పెట్టారు. ఆ లెక్కన ఆమె ఒంట్లోంచి ఖర్చయ్యేది ఐదు లక్షల జౌల్స్ పైనే. తిండి లెక్కలో 120 కిలో క్యాలరీలు... రెండు మూడు ఇడ్లీలు.

మెట్లు దిగేటప్పుడు మోకాళ్ల మీద పడే భారం ఇందులో లేదు. బకెట్ పట్టుకుని కదలకుండా నిలబడితే బకెట్ మీద జరిగిన పని సున్నా అంటుంది పుస్తకం. చేయి లాగడం మాత్రం ఆగదు.

ఇరవయ్యో బకెట్ అయ్యాక వంద నోటు ఇచ్చాను.

‘మూడనుకున్నాం కదమ్మా’ అంటూ చిల్లర కోసం కొంగుముడి విప్పబోయింది.

‘ఉంచుకోమ్మా. పొద్దున నేనే లెక్క తప్పాను’ అన్నాను.