పరిశోధనా క్షేత్రంలో స్త్రీ: అండమాన్ నేర్పిన పాఠం

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. ఆ నగర శివారునే ఉన్నది ప్రోతరాపూర్. జిల్లా కారాగారం ఉన్న చోటుగా బయటివారికి ఈ పేరు పరిచయం. నిజానికి ఇది దేశంలోని నానా ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాల నివాసస్థలం. బెంగాలీ, తమిళం, హిందీలతో పాటు ఉత్తరాంధ్ర తీరపు తెలుగు కూడా ఈ పరిసరాలలో వినిపిస్తుంది. పొరుగున ఉన్న గారాచర్మలో 1978లో ఏర్పడిన కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధనా సంస్థ ఉంది. నగరంలో మానవశాస్త్ర, జంతుశాస్త్ర సర్వేక్షణల ప్రాంతీయ కేంద్రాలున్నాయి. ఇక్కడి ఆడపిల్లకు విజ్ఞానశాస్త్రం ఎక్కడో దూరాన ఉన్న విషయం కాదు. బస్సు దిగితే కనిపించే భవనం. అయితే ఆ భవనంలోకి ప్రవేశించడం ఒక ఎత్తు, అక్కడి నుండి పడవ ఎక్కి పనిలోకి వెళ్ళడం మరొక ఎత్తు.

దీవులలో పరిశోధన అంటే ప్రధానంగా క్షేత్రపరిశోధన. పగడపు దిబ్బలు, మడ అడవులు, ఆదిమ తెగలు, సముద్రం: వీటిలో ఏదీ గదిలో కూర్చుని తెలుసుకోగలిగినది కాదు. కనుక స్త్రీకి కళాశాలలో సీటు, కార్యాలయంలో కుర్చీ ఇచ్చి, క్షేత్రానికి మాత్రం వద్దంటే ఆమె శాస్త్రవేత్తగా సగమే మిగులుతుంది. ఇలా వద్దనడం చాలా సందర్భాలలో ద్వేషంతో జరగదు, రక్షణ పేరుతో జరుగుతుంది. అందువల్లనే దానిని గుర్తించడం కష్టం, ప్రశ్నించడం మరింత కష్టం.

మొదటి ద్వారం తెరుచుకోవడానికే ఎంత శ్రమ అవసరమైందో ఒక తెలుగు స్త్రీ జీవితం చెబుతుంది. 1919లో మద్రాసులో తెలుగు కుటుంబంలో జన్మించిన ఎ. లలితకు చిన్న వయసులోనే వివాహమైంది. పద్ధెనిమిదేళ్ళకే, చేతిలో నెలల పసిబిడ్డ ఉండగా, ఆమె భర్తను కోల్పోయారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యులు. ఆయన ప్రోత్సాహం, ప్రిన్సిపాల్ కె. సి. చాకో సహకారం కలిసిరాగా ఆమె అక్కడ విద్యుత్ ఇంజనీరింగ్ చదివి 1943లో ఉత్తీర్ణులయ్యారు. భారతదేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఆమె ఒకరు. పట్టా పత్రాలలో పురుషవాచకం మాత్రమే ముద్రించి ఉన్నందున దానిని కొట్టివేసి స్త్రీవాచకం రాయవలసి వచ్చిందట. తరువాత ఆమె కలకత్తాలో విద్యుత్ సరఫరా మార్గాలు, సబ్‌స్టేషన్ల రూపకల్పనలో దీర్ఘకాలం పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశానికి హాజరయ్యారు.

రెండవ ద్వారం కథ అండమాన్‌లోనే జరిగింది. ఈ దీవుల ఆదిమ తెగలను గురించి పాశ్చాత్యులు రాసిన తొలి ప్రధాన గ్రంథాలన్నీ పురుషులవే. ఇ. హెచ్. మాన్, ఎం. వి. పోర్ట్‌మన్ బ్రిటిష్ అధికారులు. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1906–08 మధ్య ఇక్కడ పరిశోధించి 1922లో తన ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రకటించారు. ఆ రచనల విలువను ఎవరూ కాదనరు. అయినా వాటిలో తెగల స్త్రీల జీవితం పురుషుల కంటికి కనిపించినంత మేరకే గ్రంథస్థమైంది. స్వాతంత్ర్యానంతరం కూడా జరావా, సెంటినలీ తెగలను కలుసుకునేందుకు వెళ్ళిన బృందాలలో ప్రమాదం ఉన్నదనే కారణంతో స్త్రీలకు చోటుండేది కాదు.

ఆ పరిస్థితిని మార్చినవారు భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ పరిశోధకురాలు మధుమాల చటోపాధ్యాయ. ఉత్తర సెంటినల్ ద్వీపానికి వెళ్ళే ముందు ఆమె, తనకు ఏమైనా జరిగితే ప్రభుత్వం బాధ్యత వహించనవసరం లేదని హామీపత్రం రాసి ఇవ్వవలసి వచ్చింది. తల్లిదండ్రులు కూడా అటువంటి పత్రమే ఇచ్చారు. 1991 జనవరి 4న తర్ముగ్లీ నౌకలో వెళ్ళిన బృందంలో ఆమె ఒక్కరే స్త్రీ. నీటిలో వదిలిన కొబ్బరికాయలను అందుకోవడానికి సెంటినలీలు ముందుకు వచ్చారు. ఒక దశలో తీరాన ఉన్న యువకుడు ఆమెపై బాణం ఎక్కుపెట్టాడు. పక్కనున్న సెంటినలీ స్త్రీ అతనిని తోయడంతో బాణం గురితప్పి నీళ్ళలో పడింది. అనంతరం సెంటినలీలు బృందం చేతుల నుండే కొబ్బరికాయలు అందుకున్నారు. అంతకుముందు అటువంటి సామరస్యం నమోదు కాలేదు. ఏ సాహసానికి స్త్రీ తగదని భావించారో ఆ సాహసంలో ఆమె ప్రాణాన్ని కాపాడినది మరొక స్త్రీ హస్తం.

అదే సంవత్సరం ఆమె జరావాల వద్దకు కూడా వెళ్ళారు. బృందంలో ఒక స్త్రీని చూసినందువల్ల జరావా స్త్రీలు సంకోచం విడిచి దగ్గరకు వచ్చారు. ప్రసవం, శిశుపోషణ, ఆహారసేకరణ వంటి విషయాలలో స్త్రీలకు మాత్రమే తెలిసిన జ్ఞానం ప్రతి సమాజంలోనూ కొంత ఉంటుంది. దాని చెంతకు పోగలిగిన పరిశోధకురాలిని వెనుక నిలిపితే నష్టపోయేది ఆమె ఒక్కరే కాదు, శాస్త్రం కూడా. సమానత్వాన్ని స్త్రీలకు చేసే ఉపకారంగా భావించేవారు గమనించవలసిన విషయమిది.

కాలక్రమంలో ఆ తెగలకు సోకే వ్యాధుల ప్రమాదాన్ని, వారి ఇష్టాన్ని గౌరవించి ప్రభుత్వం అటువంటి యాత్రలను 1990వ దశకం మధ్యలో నిలిపివేసింది. అది సమంజసమైన నిర్ణయం. తెగల రక్షణకోసం అందరికీ ఒకేలా వర్తించే నిషేధం వేరు, పరిశోధకురాలి రక్షణ పేరుతో స్త్రీకి మాత్రమే వర్తించే నిషేధం వేరు. చటోపాధ్యాయ తరువాత ఢిల్లీలో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖలో ఉద్యోగం చేశారు. 2018 నవంబరులో ఆ ద్వీపంలో ఒక అమెరికన్ యువకుడు మరణించిన తరువాతనే ఆమె కృషి సామాన్య పాఠకుల దృష్టికి విస్తృతంగా వచ్చింది. అంటే దాదాపు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది.

ఈ మధ్యకాలంలో మార్పు లేకపోలేదు. 1997లో విశాఖ తీర్పు, 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. కుటుంబ బాధ్యతలవల్ల పరిశోధన మానుకున్న స్త్రీలు తిరిగి రావడానికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ప్రత్యేక పథకాలు చేపట్టింది. ఐక్యరాజ్యసమితి 2015లో ఫిబ్రవరి 11ను విజ్ఞానశాస్త్రంలో మహిళలు, బాలికల అంతర్జాతీయ దినంగా ప్రకటించింది. అయితే చట్టం కార్యాలయపు గుమ్మం దాకా తోడు వస్తుంది. ఆ తరువాత పడవలో ఎవరికి చోటివ్వాలో నిర్ణయించేది అక్కడి అధికారే.

ప్రోతరాపూర్ నుండి రేపు సముద్రశాస్త్రమో వృక్షశాస్త్రమో చదివి వచ్చే యువతికి ఆ అధికారి ఏమి చెబుతాడన్నదే అసలు ప్రశ్న. పడవలో జీవరక్షక కవచం, పనిచేసే వైర్‌లెస్, శిబిరంలో మరుగుదొడ్డి, బృందంలో మరొకరిద్దరు స్త్రీలు: ఇవి సమకూర్చడం సంస్థ బాధ్యత. వీటిని సమకూర్చకుండా ఆమె చేత, ఆమె తల్లిదండ్రుల చేత సంతకాలు చేయించుకోవడం రక్షణ అనిపించుకోదు. ప్రమాదం ఉంటే అది పురుషునికీ ఉంటుంది. జాగ్రత్తలు ఇద్దరికీ కావాలి. అవి ఉన్న నాడు, వెళ్ళాలో వద్దో ఆమె స్వయంగా నిర్ణయించుకోగలదు.