ఆకాశములో ఆతిథ్యము

ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని మన సంఘము వారు కోరినప్పుడు, శ్రీవిల్లిపుత్తూరు వాడను గనుక ఆముక్తమాల్యదను గూర్చియే వ్రాయుదునని తలంచి యుందురు. ఆ గ్రంథము ఈ వ్యాసములోనికి రాకపోదు. కాని నేను వ్రాయదలచినది విమానములలో ప్రయాణికులకు పోయు మద్యమును గూర్చి. పెద్దలు ముఖము చిట్లింపక కొంతదూరము నాతో రావలయునని ప్రార్థన.

మొదట నా యోగ్యతను నివేదింతును. నేను త్రాగుబోతును గాను. చుక్కయైనను ముట్టని వ్రతనిష్ఠుడను గాను. బడిపంతులుగా ముప్పదియైదేండ్లు గడపిన తరువాత, అమెరికాలో నున్న కుమార్తెను చూడబోవుచు మొదటిసారి సముద్రములు దాటు విమానమెక్కితిని. భోజనవేళ పరిచారిక వచ్చి ఎఱుపు ద్రాక్షసారాయమా, తెలుపా అని అడిగినది. వెల లేదని విని ఎఱుపు అంటిని. చిన్న సీసాపైన ఫ్రాన్సు దేశపు తోట పేరును, పంట ఏడును అచ్చువేసి యున్నవి. పంతులు బుద్ధి గనుక రెంటిని జేబుపుస్తకములో వ్రాసికొంటిని. తరువాత ఒక గ్రుక్క త్రాగితిని. పండని నేరేడుకాయను కొఱికినట్లు నాలుక దగ్గరకు పట్టినది. వగరు, దాని వెనుక పులుపు; వేరేమియు లేదు. ఉచితముగా ఇచ్చునది ఇంతకంటె ఎట్లుండునని సమాధానపడితిని.

మా అల్లుడు ఈ విషయములలో కొంత తెలిసినవాడు. నా జేబుపుస్తకము చూచి నవ్వి, వారము తిరుగకుండ ఆ తోటదే, ఆ యేటిదే సీసా కొనితెచ్చి రాత్రి భోజనమప్పుడు నా ముందు పెట్టినాడు. ఈసారి ముందుగా వాసన వచ్చినది. మా ఊరి చెరువుగట్టున వర్షము పడిన మఱునాడు రాలిన నేరేడుపండ్ల వాసన వంటిది. వగరు ఉన్నది కాని, పెద్దలు మాటలాడునప్పుడు వెనుక కూర్చున్న పిల్లవానివలె అణగి యున్నది. సీసా మారలేదు, నా నోరు మారినది.

దీనికి కారణములను తరువాత చదివి తెలిసికొంటిని. విమానము 35,000 అడుగుల ఎత్తున పోవునప్పుడు లోపలి గాలిని నేలమీది ఒత్తిడితో ఉంచరు. 8,000 అడుగుల కొండమీద ఉండు ఒత్తిడికి తగ్గకుండ చూచుట నియమము. అనగా మనము కూర్చున్నది కొడైకానలు కంటెను ఎత్తయిన చోటనే యనుకొనవచ్చును. బోయింగు 787, ఎయిర్‌బస్ 350 వంటి క్రొత్త విమానములలో దీనిని 6,000 అడుగుల మట్టమునకు తెచ్చినారు. గాలిలోని తేమ తఱచుగా నూటికి ఇరువది పాళ్లకు లోపుననే యుండును. ముక్కు ఎండిపోవును. మనము రుచి యనుకొనుదానిలో పెద్దపాలు వాసనయే గనుక, ముక్కు ఎండినవానికి పండు పోయి తొక్క మిగులును. వగరు వాసన కాదు, స్పర్శ; నోటిచర్మమును పట్టునది. కావున అది ఎంత ఎత్తునకు పోయినను మనలను విడువదు.

లుఫ్తాన్సా విమానసంస్థ కోరికపై జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధనాలయము వారు 2010 ప్రాంతమున దీనిని పరీక్షించిరి. మ్యూనిచ్ సమీపమున, అల్పపీడనపు గదిలో ఒక విమానపు మొండెమును నిలిపి, అందులో మనుష్యులను కూర్చుండబెట్టి, మ్రోతయు కదలికయు కల్పించి, తినిపించి త్రాగించిరి. ఉప్పును తీపిని నాలుక తక్కువగా గుర్తించినది. పులుపు చేదులు ఇంచుమించు చెక్కుచెదరలేదు. నేలమీద మట్టివాసన కొట్టునని విసుగుకొనబడిన టమాటారసము అక్కడ తియ్యని పండువాసనతో నున్నదని చెప్పిరి. ఆ సంస్థ విమానములలో బీరుతో ఇంచుమించు సమానముగా టమాటారసము ఖర్చగుచుండుటకు కారణము అప్పుడు బయటపడినది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయము వారు 2015లో ఇంకొక సంగతి చెప్పిరి. విమానపు హోరు వంటి 85 డెసిబెళ్ల చప్పుడు చెవిలో పడుచుండగా తీపి మందగించును. టమాటా, పుట్టగొడుగుల వంటివానిలోని రుచి, జపానువారు ఉమామి యనునది, హెచ్చును. రుచికి చెవితో సంబంధమున్నదని మనవారెవరైనను చెప్పియుండిన నేను నమ్మియుండను.

ఇది తెలిసిన సంస్థలు కొన్ని నిపుణులను జీతమిచ్చి పెట్టుకొని, వగరు తక్కువగా, పండురుచి ఎక్కువగా నుండు సరకును ఏరించుచున్నవి. 1985 నుండి ఒక ఆంగ్ల ప్రయాణ పత్రిక ఏ విమానములో మంచి ద్రాక్షసారాయము పోయుదురో పోటీ పెట్టి బహుమతు లిచ్చుచున్నది. అయితే ఆ పోటీలో నిపుణులు సీసాలు రుచిచూచునది నేలమీదనే! హాంగ్‌కాంగ్ లోని కాథే పసిఫిక్ వారు 2017లో ఎత్తున త్రాగుటకే తగినట్లుగా తేనెయు, లాంగన్ అను పండును చేర్చి బీరు కాయించిరి. డచ్చివారి కెఎల్ఎమ్ సంస్థ 1952 నుండి పైతరగతి ప్రయాణికులకు చిన్న పింగాణి ఇండ్లలో తమ దేశపు జెనీవరు సారాయిని నింపి ఇచ్చుచున్నది. అప్పట్లో ప్రయాణికులకు విలువైన బహుమతులు ఇవ్వరాదని నిబంధన యుండగా, ఇది బహుమతి కాదు, పానీయము. పానీయమును గ్లాసులోనే పోయవలెనను చట్టమేదైన ఉన్నదా అని వారు వాదించిరట. వకీలుబుద్ధి మన సొత్తు మాత్రమే కాదు.

ఈ ప్రయోగశాలల మాటలు చదువుచున్నప్పుడు నాకు మాటిమాటికి మా అవ్వ జ్ఞప్తికి వచ్చినది.

మావంటి తెలుగు కుటుంబములు విజయనగర కాలమునను, ఆపై మధుర నాయకుల కాలమునను ఈ ప్రాంతములకు వచ్చి నల్లరేగడి నేలలలో పత్తి పండించుకొని స్థిరపడినవి. ఇంట తెలుగు, వీధిలో తమిళము. ఆడిపూరము ఆండాళ్ జన్మదినము. ఆనాడు శ్రీవిల్లిపుత్తూరులో పెద్దతేరు కదలును. చుట్టుప్రక్కల ఊళ్ల జనమెల్ల ఆ వీధులలో నుందురు. పడమటి కనుమల నుండి వీచు ఆడిగాలి దుమ్మెత్తిపోయును, ఎండ మాడ్చును. తేరువీధికి పోవు దారిలో మా అవ్వ చలిపందిరి వేయించెడిది. తమిళులు తణ్ణీర్ పందల్ అందురు. ఒక కాగులో పానకము, ఒక కాగులో నీరుమజ్జిగ. ఇంటి పెరటిలో మజ్జిగ చిలికి, అల్లము, కరివేపాకు, పచ్చిమిరప దంచి కలిపినప్పుడు మేము దోసిలి పట్టి త్రాగి బాగున్నదందుము. ఆమె వినెడిది కాదు. ఒక చెంబు చేతపట్టుకొని నడిరోడ్డుమీదికి పోయి, ఎండలో కొంతసేపు నిలుచుండి, చెమట పట్టిన తరువాత త్రాగి చూచెడిది.

"నీడలో కూర్చొని తాగితే మనకు బాగుంటాదిరా. తాగేవాడు యాడ నిల్చున్నాడో ఆడ నిల్చుకొని తాగి చూడాల" అనెడిది. ప్రతి యేడును మరల వచ్చి కాగులో ఇంకొక పిడికెడు ఉప్పు వేయించెడిది. పానకములో బెల్లమునకును అంతే.

అల్పపీడనపు గది కట్టించుటకు ఆమెకు అవసరము లేకపోయినది, రోడ్డు చాలినది.

ఆముక్తమాల్యద ఇచటనే వచ్చుచున్నది. కృష్ణాతీరమందలి శ్రీకాకుళములోని ఆంధ్రవిష్ణువు కలలో అడుగగా కృష్ణదేవరాయలు చెప్పిన కథ మా ఊరిది. అందులో మా ఊరి విష్ణుచిత్తుడు దారినపోవు వైష్ణవులకు అన్నము పెట్టు తీరును రాయలు కాలమునకొక పద్యము చొప్పున వర్ణించినాడు. వానకాలమున తడిసిన కట్టె మండదు గనుక ఎండిన కొబ్బరికాయలతో వండి, పప్పు, వేపుళ్లు, వడియములు, నెయ్యి. చలికాలమున మిరియపు ఘాటుతో చుఱ్ఱుమను కూరలు, ముక్కుకెక్కు ఆవ పచ్చళ్లు. వేసవిలో గోరువెచ్చని అన్నము, పలుచని అంబలి, చెఱకురసము, ఎలనీరు, పరిమళము కట్టిన చల్లనినీరు, చివరకు నీరుమజ్జిగ. ఇందులో ఏ వస్తువును విలువైనదని ఆయన పొగడలేదు. వచ్చినవాడు తడిసి వచ్చెనా, వణకుచు వచ్చెనా, ఎండలో వచ్చెనా అనునదే వంటకు లెక్క. ఒక మహాచక్రవర్తి మజ్జిగవఱకు దిగివచ్చి ఈ పట్టిక వ్రాసినాడనిన నాకు ఆ కావ్యములో కల్యాణఘట్టము కంటెను ఇదియే ప్రియము.

విమానములో మద్యము మనవారికి క్రొత్తరకపు ప్రలోభము. 1948 జూన్ 8న ఎయిరిండియా వారి మలబారు ప్రిన్సెస్ బొంబాయి నుండి లండనుకు మొదటిసారి పోయినది. ఆ యేడే అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతట మద్యనిషేధము వచ్చినది. 1971లో అది సడలించువఱకు మా జిల్లా వానికి ఆకాశము పరరాష్ట్రము వంటిది. దేశములోపల తిరుగు విమానములలో నేటికిని మద్యము పోయరు. కావున సముద్రము దాటు విమానమెక్కిన మనవాడు, ఇంట ముట్టనివాడైనను, ఉచితముగా వచ్చినదానిని వదలుట పాపమనునట్లు చేయిచాచును. నేను చాచితిని గదా! దీనివలని కీడును 2024లో జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ వారు కొలిచిరి. విమానములోని ఒత్తిడిలో మద్యము త్రాగి నిద్రించిన ఆరోగ్యవంతులైన యువకులకే రక్తములోని ప్రాణవాయువు నూటికి ఇంచుమించు 85 పాళ్లకు పడిపోయినదట. నిద్రలో గుండె వేగము హెచ్చినదట.

తిరుగుప్రయాణములో జరిగినది చెప్పవలెను. ఈ వ్యాసము వ్రాయుట దానికొఱకే. గల్ఫు దేశములలోని ఒక నగరమున విమానము మారి మద్రాసుకు వచ్చుచున్నాను. విమానము ఎవరిదన్నది అనవసరము. నా ప్రక్క కుఱ్ఱవాడు రాయచోటి వైపువాడు. కువైటు నుండి వచ్చి మా విమానమెక్కినాడు. విమానము కదలకముందు ఫోనులో ఇంటివారితో మాటలాడుటచేత తెలుగువాడని తెలిసినది. నేను పలుకరింపలేదు. బండి రాగానే విస్కీ అడిగినాడు, వెంటనే ఇచ్చిరి. భోజనము ముట్టలేదు. రెండవది అడిగినాడు, అదియు వెంటనే వచ్చినది. ఆ వాసన నాకు గిట్టక కిటికీవైపు తిరిగి కన్నులు మూసికొంటిని. తరువాత అతడు నీళ్లడిగినాడు. ఇదిగో తెచ్చెదమనిరి. మరల అడిగినాడు. బండి వెడలిపోయినది. తలపైని గంట మీట నొక్కినాడు. దీపము వెలిగినది, వెలిగియే యున్నది. గ్లాసులో కరిగిన మంచునీటిని నాలుకపై వంచుకొనుట నాకు వినబడినది. నా సంచిలో విమానాశ్రయమున కొన్న నీళ్లసీసా, మూత తీయనిది, ఉన్నది.

ఎంతసేపు అట్లు నిద్ర నటించితినో చెప్పుటకు సిగ్గగుచున్నది. అరగంటకు తక్కువ కాదు. చివరకు, "మందడిగితే ఉరికిస్తారు, నీళ్లడిగితే దిక్కులేదు" అని తనలో తాననుకొన్నాడు. నేను కన్నులు తెఱచి, సీసా తీసి, "ఇదో, తాగు నాయనా" అంటిని.

ఒక్క పట్టున సీసా అంతయు త్రాగినాడు. మూతి తుడుచుకొని, "ఏవూరు పెద్దాయనా మీది? మీ తెలుగు ఒక తీరుగా ఉండాదే" అన్నాడు. చెప్పితిని. శ్రీవిల్లిపుత్తూరు అతనికి తెలియదు. ఆండాళ్ ఊరనగా తెలిసినది. కొంతసేపటికి తానే అన్నాడు: "మాయమ్మ పోయింది. నేను పొయ్యేలోపలే ఎత్తేసినారు. నాలుగేండ్లయింది చూసి. నిద్ర పడతాదని తాగితి. పట్టలా." ఆ దేశములో మద్యము నిషేధము గనుక, నాలుగేండ్లలో అతడు చుక్క త్రాగి యెఱుగడు. ఆకలి కడుపున, ఎండిన గాలిలో, ఆ ఎత్తున రెండు సీసాలు. గుండె దడదడలాడుచున్నదని చేయి పెట్టి చూపినాడు. నేను లేచి వెనుకకు పోయి, పరిచారికలు ముచ్చటలాడుకొను తెర ప్రక్క నిలుచుండి, రెండు సీసాల నీళ్లు అడిగి తెచ్చితిని. దిగువఱకు కొంచెము కొంచెముగా త్రాగినాడు. మద్రాసులో నా పెట్టెను అతడే దించి, రాయచోటి బస్సుకై పోయినాడు.

అవ్వ పోయి చాలకాలమైనది. చలిపందిరిని మా చిన్నాయన కొడుకులు సాగించుచున్నారు. ఆ తరువాత వచ్చిన ఆడిపూరమునాడు నేనును పోయితిని. ఇప్పుడు స్టీలు పీపాలు, కాగితపు గ్లాసులు. పందిరి నీడలో ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, "ఎట్లుంది అన్నా?" అని మా తమ్ముడు అడిగినాడు. బాగున్నది. గ్లాసు పట్టుకొని రోడ్డుమీదికి పోయి, తేరు వచ్చు దిక్కున మొగమై కొంతసేపు నిలుచుంటిని. వీపు తడిసిన తరువాత త్రాగితిని. ఉప్పు చాలలేదు.