మింగే ముందు నమలాలి

సికింద్రాబాద్‌లోని ఆ పునరావాస కేంద్రంలో స్పీచ్ థెరపీ గది మెట్ల పక్కనే ఉంది. బల్ల మీద ఉప్పు బిస్కెట్ల ప్యాకెట్, స్టీలు గ్లాసులో మంచినీళ్లు, ఒక ఫోర్కు, టార్చిలైటు, స్టాప్‌వాచ్. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు ఎలా తింటున్నారో ఇక్కడ పరీక్షిస్తారని విని, అనుమతి తీసుకుని చూడటానికి వెళ్లాను. ఈ జబ్బు అనగానే మనం చేతి వణుకు గురించి, తడబడే నడక గురించి మాట్లాడుకుంటాం. కంచం ముందు వాళ్లు పడే అవస్థ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు భార్యతో వచ్చారు. థెరపిస్టు ఆయన ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. "ఒక్క బిస్కెట్ తినాలి సార్. ఇబ్బంది లేకుండా ఎంత త్వరగా తినగలిగితే అంత త్వరగా. అయిపోగానే మీ పేరు చెప్పండి" అంది. ఎన్నిసార్లు కొరికారు, ఎన్నిసార్లు నమిలారు, ఎన్నిసార్లు మింగారు, మొత్తం ఎంతసేపు పట్టింది అన్నవే ఆమె రాసుకునే లెక్కలు.

మాస్టారు బిస్కెట్ కొరికారు. దవడ పైకీ కిందికీ ఆడుతోంది గానీ, తిండిని నలగ్గొట్టడానికి పక్కలకు తిరగడం లేదు. కాసేపటికి ఆ కదలిక కూడా ఆగింది. గొంతులో మింగిన జాడ లేదు. నాలుక మాత్రం లోపల ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టు గడ్డం కింద తెలుస్తోంది. చివరికి మింగి, పేరు చెప్పారు. థెరపిస్టు నోరు తెరవమని టార్చి వేసింది. ఎడమ వైపు, పళ్లకూ బుగ్గకూ మధ్య, నలిగీ నలగని ముద్ద ఇంకా ఉంది. అది అక్కడ ఉందని ఆయనకు తెలియనే లేదు.

"ఇంట్ల గూడ గిట్లనే బిడ్డా" అన్నారు ఆయన భార్య. "ముద్ద నోట్ల పెట్టుకొని అట్లనే కూసుంటరు. నమలుండ్రి అంటే కోపం. మొండితనం అనుకున్న."

థెరపిస్టు మాస్టారి దవడ మూలల్లో వేళ్లు ఆనించి పళ్లు బిగించమంది. కండరం గట్టిగా పొంగింది. "బలం ఉందమ్మా, చూడండి" అంది. తర్వాత నోరు వెంటవెంటనే తెరిచి మూయమంది. మొదట రెండు మూడుసార్లు బాగానే తెరుచుకుంది. ఆ తర్వాత ఒక్కోసారికీ తెరుచుకునే మేర తగ్గుతూ వచ్చి, పెదవులు కదలడం వరకే మిగిలింది. జబ్బు పని చేసే తీరు నాకు అక్కడ అర్థమైంది.

నమలడానికి ముఖ్యంగా నాలుగు జతల కండరాలు పనిచేస్తాయి. వాటికి ఆజ్ఞలు ఐదో కపాల నాడి ద్వారా అందుతాయి. నమిలే లయ మెదడు కాండంలో పుడుతుంది. ఆ లయ వేగాన్నీ విస్తృతినీ సరిచేసే మెదడు భాగాలకు డోపమిన్ అనే రసాయనం కావాలి. పార్కిన్సన్స్‌లో ఆ డోపమిన్ తయారుచేసే కణాలే నశిస్తాయి. అందుకే చేతిరాత చిన్నదైనట్టే దవడ కదలికా చిన్నదవుతుంది, నెమ్మదిస్తుంది, బిగుసుకుంటుంది. కొందరికి దవడ వణుకుతుంది కూడా. నాలుక, బుగ్గలు తిండిని మళ్లీ మళ్లీ పళ్ల మధ్యకు నెట్టలేవు. ఉమ్మి కారడానికీ కారణం ఇలాంటిదే. ఊరడం ఎక్కువై కాదు, మింగడం తక్కువై కారుతుంది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును మొదటిసారి వివరంగా రాసినప్పుడే నమలడంలో, మింగడంలో కష్టాన్ని నమోదు చేశాడు. రెండు వందల ఏళ్లు దాటినా మన ఇళ్లలో దాన్ని వయసు మీదికీ మొండితనం మీదికీ నెట్టేస్తున్నాం.

భయపడి మాస్టారి భార్య కొన్నాళ్లుగా అన్నీ మిక్సీలో వేసి జావలా పెడుతున్నారట. మాస్టారు సగం కూడా తినడం లేదు, చిక్కిపోయారు. థెరపిస్టు ఫోర్కు తీసి దాని పళ్ల మధ్య సందు చూపించింది. అది సుమారు 4 మిల్లీమీటర్లు. నమలడం బాగా కష్టమైనవాళ్లకు ముక్కలు ఆ సందులో పట్టేంత చిన్నవిగా, తడిగా, ఫోర్కుతో నొక్కితే నలిగేలా ఉండాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు చెబుతాయి. "సార్‌కు జావ అక్కర్లేదమ్మా. మెత్తటి అన్నం పప్పుతో బాగా పిసికి పెట్టండి. సొరకాయ, బీరకాయ ముక్కలు మెత్తగా ఉడికించండి. చారన్నం వద్దు. నీళ్లు ఒక దారి, మెతుకులు ఒక దారి పోతాయి" అంది. సకినాలు, పొడి అటుకులు ప్రస్తుతానికి పక్కన పెట్టమంది.

మాత్ర వేళ గురించీ చెప్పింది. ఈ జబ్బుకు వాడే లెవోడోపా వేసుకున్నాక అది బాగా పనిచేసే సమయంలో భోజనానికి కూర్చుంటే దవడ కాస్త మెరుగ్గా ఆడవచ్చు. పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్ ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది కాబట్టి మాత్రను సాధారణంగా భోజనానికి కనీసం అరగంట ముందు వేసుకోమంటారు. వేళలు మార్చాలంటే డాక్టరును అడిగే మార్చాలి. తిన్నాక బుగ్గలు వేలితో తడిమి చూసి, పుక్కిలించి, పళ్లు శుభ్రం చేసుకోవాలి. మిగిలిపోయిన మెతుకులు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. ఈ జబ్బులో ప్రాణాలు తీసే ముఖ్య కారణాల్లో అదొకటి. కొందరికి తిండి శ్వాసనాళంలోకి పోయినా దగ్గు రాదు. అందుకే అనుమానం ఉంటే బేరియం కలిపిన ఆహారం తినిపిస్తూ ఎక్స్‌రే వీడియో తీస్తారు.

నేను గట్టిగా కోరేది ఒక్కటే. ఇంట్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్లుంటే ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు భోజనం సంగతి కూడా చెప్పండి. ఎంతసేపు తింటున్నారు, బరువు తగ్గారా, పొలమారుతోందా, కట్టుడు పళ్లు వదులయ్యాయా అన్నవి రాసుకుని వెళ్లండి. మింగుడు పరీక్ష చేయించండి. ఏం పెట్టాలో భయాన్ని బట్టి కాకుండా ఆ పరీక్షను బట్టి నిర్ణయించండి. అప్పటిదాకా పెద్దవాళ్లను నిటారుగా కూర్చోబెట్టి, టీవీ కట్టేసి, వాళ్ల ముద్ద పూర్తయ్యేదాకా తొందరపెట్టకుండా ఆగండి.