పిల్లలతో తిరుపతి ప్రయాణము

బెజవాడ విడిచిన వెంటనే రైలుబండి కృష్ణవంతెన నెక్కును. పిల్లలు కిటికీలకడ మూగి నదిని చూతురు. పెద్దలిచ్చిన చిల్లర నాణెములను నీటిలోనికి విసరుదురు. అటుపిమ్మట తెనాలి, బాపట్ల, చీరాల, ఒంగోలు గడచిపోవును. పెన్నానది దాటగానే నెల్లూరు వచ్చును. గూడూరికడ దారి రెండుగా చీలును: ఒకటి చెన్నపట్టణమునకు, రెండవది వెంకటగిరి, శ్రీకాళహస్తి, రేణిగుంటల మీదుగా తిరుపతికి. ఏ స్టేషనులో కాఫీ బాగుండునో, కొండపై ఏమేమి చూడదగియున్నవో చెప్పువారు పలువురు కలరు. కాని పసిపిల్లలతో బయలుదేరిన తల్లికి అడుగడుగున ఎదురగు చిక్కు వేరొకటి. అది మరుగుదొడ్డి. దానినిగూర్చి పదుగురిలో మాటాడుటకు మనము సిగ్గుపడుదుము. ఆ సిగ్గువలన పిల్లలకు కీడే కాని మేలు లేదు. కావున మేమీ ప్రయాణమును ఆ చిక్కు వెంబడియే వ్రాయుచున్నాము.

ప్రయాణమనగానే కొందరు తల్లులు చేయు మొదటి ఏర్పాటు పిల్లలకు నీరు తగ్గించుట. ఇది ఉపాయము కాదు. ఎండకాలమున పసివారి ఒంటిలో నీరు తగ్గుట అపాయము. బిగబట్టుకొను అలవాటు మలబద్ధకమునకును, మూత్రకోశపు జబ్బులకును దారితీయును. నీరు త్రాగనిచ్చి, ఇల్లు విడుచుటకు ముందొకమారును, దారిలో రెండుమూడు గంటలకొకమారును, పిల్లలు అడుగకున్నను తీసికొనిపోవుట మేలు. ఆపుకొనలేని తొందరలోనే పిల్లలు చేయి విడిపించుకొని పరుగెత్తుదురు; ఆ తొందర కలుగకుండ చూచుకొనుటయే మొదటి రక్షణ.

రైలుపెట్టెలో మరుగుదొడ్లు రెండు చివరలను ఉండును. వాని ప్రక్కనే ఎక్కు దిగు తలుపులు. గాలికొరకు ఆ తలుపులను తెరచియుంచువారు తరచుగా కనబడుదురు. ఈ తలుపునకును ఆ తలుపునకును నడుమ కొలది అడుగులే దూరము. అర్ధరాత్రి నిద్రమత్తులో ఒంటరిగా లేచిపోయిన పిల్ల ఏ తలుపు తీయునో ఎవరు చెప్పగలరు? పెట్టెకును పెట్టెకును నడుమనున్న దారిలో ఇనుపపలకలు కదలుచుండును, పసిపాదములు నలుగవచ్చును. కనుక రైలులో చిన్నపిల్లలను ఒంటరిగా పంపనేరాదు. పగలైనను రాత్రియైనను పెద్దవారొకరు వెంట పోవలయును. ముందు మనము లోనికి చూచి, నేల జారుచున్నదేమో కనుగొని, పిల్లకు చెప్పులు తొడిగి, గోడకున్న కడ్డీని పట్టుకొమ్మని చెప్పవలయును. చిన్నవారిని లోపలి గడియ వేసికొననీయరాదు. వేసికొన్నది తీయలేక లోపల బెదరి ఏడ్తురు. తలుపు చేరవేసి, దానిని మనచేత పట్టుకొని బయట నిలుచుట చాలును.

స్టేషనులలో చిక్కు వేరువిధముగా నుండును. ఒక పెద్ద స్టేషనులో మేము చూచినది చెప్పెదము. ఒక యువతి చంకలో చంటిబిడ్డ, చేతిలో సంచి, ప్రక్కన ఐదేండ్ల కొడుకు. పిల్లవాడు తొందరపెట్టుచున్నాడు. ప్రక్క బల్లపైనున్న ఒక పెద్దమనిషి లేచి, “ఇటు పంపమ్మా, నేను తీసుకెళ్ళి తీసుకొస్తాను” అనెను. ఆయన మంచివాడే కావచ్చును. ఆమె మాత్రము, “వద్దు బాబుగారూ, నాతోనే వస్తాడు” అని మర్యాదగానే చెప్పి, ఇద్దరు బిడ్డలతోను స్త్రీలవైపు నడచెను. లోపలనున్న ఒకామె, “ఇంతవాణ్ణి ఆడవాళ్ళ వైపుకి తెస్తారా?” అని కసరెను. చేతులు కడుగుకొనుచున్న ముసలమ్మ ఒకతె, “ఐదేళ్ళ పసివాడే కదమ్మా, రానీ” అని దారి యిచ్చెను.

ఆ తల్లి చేసినదియే సరియైన పని. మంచివారెవరో కానివారెవరో ముఖము చూచి కనుగొనుటకు వీలులేదు. కావున ఎవరిని అనుమానించుచున్నామన్న మాట రాకుండ, అందరికిని ఒకటే నియమము పెట్టుకొనవలయును: మన పిల్లలు మనతోనే. ఇద్దరు ముగ్గురు పిల్లలున్నచో ఒకరిని సామానుకడ విడిచిపోరాదు. అందరును కలసియే పోవలయును. సామాను పోయిన మరల కొనుక్కొందుము. అట్లే తండ్రివెంట ప్రయాణముచేయు చిన్నపిల్లను తండ్రియే పురుషులవైపునకు తీసికొనిపోయి, గది తలుపుకడ నిలుచుటలో తప్పేమియు లేదు. వారిని చూచి మొగము చిట్లించుట మనము మానవలయును.

పిల్లవాడు పెద్దవాడై స్త్రీలవైపు రానొల్లని వయసు వచ్చినప్పుడు, తల్లి పురుషులవైపు గుమ్మమునకు ఎదురుగా నిలువవలయును. తలుపున్న గదిలోనికే పొమ్మనియు, లోపల ఎవరితోను మాటలు పెట్టుకొనవద్దనియు చెప్పవలయును. “ఉన్నావా నాన్నా?” అని బయటనుండి ఒకమారు పలుకరించినచో వానికిని ధైర్యము, వినువారికిని హెచ్చరిక. ఆలసించినచో మొగమాటము విడిచి లోపలికి పోవలసినదే.

రుసుము పుచ్చుకొని, కనిపెట్టుకొనియుండు మనిషిని నిలిపిన మరుగుదొడ్లు ఇప్పుడు బస్సుస్టాండులలోను, రైలుస్టేషనులలోను కలవు. బిందేశ్వర్ పాఠక్ 1970లో స్థాపించిన సులభ్ సంస్థవారు 1974లో పాట్నా నగరమున ఈ పద్ధతి ప్రారంభించిరి. శుభ్రత కొరకు అట్టివానిని వెదకుట మంచిదే. కాని గుమ్మమున కూర్చున్న మనిషి డబ్బు పుచ్చుకొని శుభ్రత చూచువాడేకాని, మన బిడ్డకు కాపలా కాదు.

తిరుమలపై ఇంకొక సంగతి కలదు. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి వచ్చిన పిల్లలందరు గుండుతో, గంధముతో ఒక్కతీరుననే కనబడుదురు. వైకుంఠము క్యూలలో గంటలకొలది వేచియుండునప్పుడు, మరుగుదొడ్డికని ప్రక్కకు పోయిన పిల్ల గుంపులో కలసిన గుర్తించుట కష్టము. అందుచేత ముదురురంగు చొక్కా తొడిగి, ఆ రంగును ఇంటివారందరు గుర్తుపెట్టుకొనవలయును. పేరును చొక్కాపై కనబడునట్లు వ్రాయరాదు. పేరుపెట్టి పిలిచినవానిని పిల్లలు తెలిసినవాడనుకొందురు. ఫోను నంబరు వ్రాసిన చీటీ జేబులో నుంచినచో చాలును.

ఇవన్నియు పైకి కనబడు జాగ్రత్తలు. అసలు పాఠము ఇంటికడనే చెప్పవలసియున్నది. నీ ఒంటిలో దుస్తుల చాటున దాచుకొను తావులను ఎవరును తాకరాదు. అమ్మ కడుగునప్పుడో, అమ్మ దగ్గరనుండగా వైద్యుడు చూచునప్పుడో తప్ప. ఎవరైన తాకి, ఎవరికిని చెప్పవద్దనినచో అది తప్పక అమ్మకు చెప్పవలసిన మాట అని మూడేండ్లు దాటిన బిడ్డకు మెల్లగా, భయపెట్టకుండ చెప్పవచ్చును. ఆడపిల్లలకే చెప్పి ఊరకుండరాదు. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ ప్రకటించిన అధ్యయనములో, ఇట్టి బాధకు లోనైనట్లు చెప్పిన పిల్లలలో బాలురు సగమునకు మించియుండిరి. చేసినవారిలో తెలిసినవారును పలువురు. 2012 నాటి పోక్సో చట్టము పదునెనిమిదేండ్లలోపు బాలురను, బాలికలను సమానముగా కాపాడుచున్నది. తెలిసికొన్నవారు ఫిర్యాదు చేయుట విధియని చెప్పుచున్నది. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు కసరక, “చెప్పి మంచిపని చేశావు” అని దగ్గరకు తీసికొనవలయును. రైలులోనైనచో 139కిని, ఎక్కడనైనను 1098కిగాని 112కుగాని ఫోను చేయవచ్చును.

తుదకు అధికారులకొక విన్నపము. తల్లియో తండ్రియో బిడ్డతో కలసి పోదగిన గది యొకటి, పసివారి ఎత్తునకు తగిన కుళాయి యొకటి, బయటనుండియు తీయదగిన గడియ యొకటి ప్రతి పెద్ద స్టేషనులోను, ప్రతి క్షేత్రములోను ఉండవలయును. వీనికై ఎక్కువ సొమ్ము అక్కరలేదు. స్టేషనులలో ఫిర్యాదుపుస్తకము ఉండును. అడిగి అందులో మనము వ్రాయవలయును.