మరియొక ప్రతి

నగలను, పొలము కాగితములను భద్రపఱచుట స్త్రీలకు నేర్పనక్కఱలేదు. కంప్యూటరులోని వానిని భద్రపఱచుట మాత్రము మాకు బుడమేరు నేర్పెను.

2024 సెప్టెంబరు 1వ తేదీ, శ్రావణ బహుళ చతుర్దశి. విజయవాడ సింగ్‌నగర్‌లోని మా వీథికి బుడమేటి నీరు వచ్చెను. పిల్లలను, అత్తగారిని మేడమీదికి చేర్చుటయే గగనమయ్యెను. బియ్యము జ్ఞప్తికి వచ్చినది, మందులు వచ్చినవి. బల్లక్రింది కంప్యూటరు మాత్రము రాలేదు. వారము దాటి నీరు తీసినప్పుడు దానినిండ బురదయే.

అందు మా సంసారమంతయు నుండెను: పెండ్లి చిత్రములు, పిల్లల తొలిపలుకులు, మావారు బడికై వ్రాసికొన్న పాఠములు. మేము వగచుచుండగా తెనాలినుండి తమ్ముడు ఫోనుచేసి, "అక్కయ్యా, ఆ నల్ల డిస్కు మనింట్లోనే ఉంది కదా!" అనెను. ఆ యుగాదికి సర్వమును హార్డుడిస్కునకు ఎక్కించి, అమ్మకు చిత్రములు చూపుటకు గొనిపోయి, అచటనే మఱచి వచ్చితిమి. మా మఱపే మమ్ము కాచెను. ఎప్పటివలె బల్లసొరుగులో నుంచినచో రెండును ఒక్కనీటనే మునిగియుండును.

కాని యుగాది తరువాతి వేవియు అందు లేవు. ఆ శ్రావణ మంగళవారములందు అత్తగారు పాడిన గౌరీదేవి పాటలను ఫోనులో పట్టి, చోటు చాలదని కంప్యూటరులోనికి మార్చి, ఫోనులోనివి తుడిచివేసితిమి. చోటు మార్చుట వేఱు, ప్రతి తీయుట వేఱు అని అప్పుడు తోచలేదు. మరల పాడింతమని యనుకొనుచుండగనే కార్తికములో ఆమె కన్నుమూసిరి.

పూర్వము తాటాకు గ్రంథములకు చెదలు, తడి శత్రువులు. ఒకచోట పొత్తము నశించినను వేఱొక యూరి ప్రతి గ్రంథమును నిలిపెడిది. బందరులో కొంతకాలము ఉద్యోగించిన సి. పి. బ్రౌనుదొర (1798–1884) ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు సేకరించి, పండితులచే సరిచూపించి, క్రొత్తగ వ్రాయించెను. మన డిస్కుల ధర్మమును అదియే.

సోదరీమణులారా! ఇప్పుడు మాకు రెండు డిస్కులు: ఒకటి మాయింట, ఒకటి తెనాలిలో. ప్రతి పౌర్ణమినాడు క్రొత్తవాని నెల్ల ఇంటిదానికి ఎక్కింతుము. ఎక్కినవని నమ్మక, రెండుమూడింటిని తెఱచి చూతుము. లోపల పళ్లెములు తిరుగునది గనుక పని జరుగుచుండగా డిస్కును కదల్పము. తీగ నూడదీయుటకు ముందు కంప్యూటరుపై ఎజెక్టు గుర్తును నొక్కుదుము. పనిలేనప్పుడు తగిలించి యుంచము. తెనాలి పోయినప్పుడెల్ల డిస్కులను మార్చుకొని వత్తుము.

అత్తగారి పాటలలో రెండు మాకు నోటికి వచ్చును. వానిని మేమే పాడి రెండు డిస్కులకును ఎక్కించితిమి. పాటలు ఆమెవే, గొంతుక మాత్రము ఆమెది కాదు.