బిజినేపల్లి కొలిమి దగ్గర

మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు పోయే రోడ్డు మీద బిజినేపల్లిలో దిగి, కమ్మరి కొలిమి ఎక్కడుందో అడుగుతూ వెళ్లాను. తోలుతిత్తి పోయి కరెంటు బ్లోయరు వచ్చింది. దాగలి, సమ్మెట, పటకారు మాత్రం అవే. పాత లారీ కమాను పట్టీ ఒకటి గొడ్డలిగా మారుతోంది.

ఎర్రగా కాలిన అంచును నీళ్లలో ముంచగానే చుయ్యిమంది. కమ్మరి దాన్ని రాయికేసి తెల్లగా మెరిసేదాకా రుద్ది, మళ్లీ నిప్పు సెగకు పట్టారు. ఆ మెరుపు మీద లేత గడ్డిరంగు పాకింది, తర్వాత గోధుమరంగు, ఆ వెనకే ఊదా.

“ఊదా ఎక్కంగనే ఆపాలె సార్. ముందే ఆపితే పెళుసు, దాటితే మెత్తగైతది.”

ఎర్రగా కాలిన ఉక్కు కర్బనాన్ని తనలో ఇముడ్చుకుంటుంది. ఒక్కసారిగా చల్లారిస్తే ఆ కర్బనానికి బయటపడే వ్యవధి ఉండదు, పరమాణువుల అమరిక బిగుసుకుపోతుంది. గట్టితనం, పెళుసుతనం రెండూ అక్కడివే. రెండోసారి సెగ ఆ బిగువును కొంచెం సడలిస్తుంది. ఉపరితలం మీద పెరిగే ఆక్సైడ్ పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది: గడ్డిరంగు దగ్గర సుమారు 220 డిగ్రీలు, ఊదా దగ్గర 280. ఈ తేడాను ఆయన కంటితోనే పట్టేస్తున్నారు. ఇది భౌతికశాస్త్రం కాదని ఎవరంటారు?

భౌతికశాస్త్రం నుంచి లోహాలకు దారి దగ్గరే: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివిన పల్లె రామారావు బెనారస్‌లో లోహశాస్త్రానికి మళ్లారు. 1982లో హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాలకు డైరెక్టరయ్యారు. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆ ప్రయోగశాలకు పొరుగునే ఉన్న ప్రత్యేక లోహాల కర్మాగారం మిధానిలో మారేజింగ్ ఉక్కు తయారవుతుంది. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ మోటారుకు తొడుగు ఆ ఉక్కుదే. అందులో కర్బనం దాదాపు ఉండదు, నికెల్ 18 శాతం. చల్లార్చినప్పుడు అది మెత్తగానే ఉంటుంది, 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలుంచితే గట్టిపడుతుంది.

గొడ్డలికి జరిగేదానికి ఇది పూర్తిగా తలకిందులు. ఈ సంగతి చెప్పగానే కమ్మరి సమ్మెట దించి నావైపు తిరిగారు.

“మా కొలిమిల అయితదా సార్?”

ఆ వేడి ఇక్కడా అందుతుంది. ఆ ఉక్కును కరిగించడం మాత్రం గాలి లేని కొలిమిలో జరగాలి, గాలి సోకితే లోహం పాడవుతుంది. అదే చెప్పాను.

పక్కనే పాలెంలో డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడి భౌతికశాస్త్రం పిల్లలు వేడిని కొలిచే థర్మోకపుల్ పట్టుకొని ఇక్కడికొచ్చి, ఏ రంగు దగ్గర ఎన్ని డిగ్రీలో రాసుకుంటే బాగుండునని నా కోరిక. ఆ మాటే అన్నాను.

“తోల్కరాండ్రి సార్. గొడ్డళ్లు నేనిస్త. ఒక్కో రంగు కాడ ఆపినయి ఒక్కోటి ఇరగ్గొట్టి సూసుకోమనుండ్రి.”