చెత్తపెట్టెలోని జాబు

మహానంది కోనేటి నీరు ఎన్నడును మురుగదు. ఒకవంక ఊట యూరుచుండును. ఒకవంక తూము వెంట పాఱి పొలములకు పోవుచుండును. అడుగున బడిన కాసు పైకి స్పష్టముగా గానవచ్చును. ఆ యూర బడిపంతులనైన నాకు ప్రతి యుదయము ఈమెయిలు తెఱచునప్పుడు ఈ కోనేరు జ్ఞప్తికి వచ్చుచుండును. ఇందును ఊటకు కొదువ లేదు; తూము మాత్రము లేదు. నేనడుగని యప్పు మంజూరైనదని యొకడు, నేను కొనని లాటరీ నాకు దగిలినదని వేఱొకడు, నాకింకను రాని బట్టతలకు తైలమని మఱియొకడు వ్రాయుచుందురు.

ఈ పీడకు మూలపురుషుడుగా గారీ థూర్క్ అను అమెరికా దేశీయుని చెప్పుదురు. 1978 మే నెలలో ఆయన తన కంపెనీ కంప్యూటర్లను గూర్చి ఆర్పానెట్టు ద్వారా దాదాపు 400 మందికి ఒక్కటే ప్రకటన పంపెను. చీవాట్లు తినెను, సరకు మాత్రము బాగుగా అమ్ముడువోయినదని తరువాత చెప్పుకొనెను. లోకము చీవాట్లను మఱచినది, అమ్మకమును మఱువలేదు.

ఇంగ్లండులో 1840కి పూర్వము తపాలా రుసుమును సాధారణముగ జాబు నందుకొన్నవాడే చెల్లించుచుండెను. రోలండ్ హిల్ సంస్కారముతో ఆ భారము వ్రాసినవానికి మాఱినది. ఈమెయిలు వచ్చి మనలను మరల వెనుకటి దినములకు ద్రోసినది. పంపువానికి ఒకనికి వ్రాసినను లక్షమందికి వ్రాసినను వ్యయములో ఇంచుమించు భేదము లేదు. లక్షలో ఒక్కడు మోసపోయినను వానికి లాభమే. ఏరి పాఱవేయు శ్రమ మనది.

చట్టమా? ఫోనులో వచ్చు ప్రకటనలను మాన్పించుకొనుటకు 1909 అను సంఖ్య కలదు. ఈమెయిలునకు అట్టిది లేదు. విసుగు గొలుపు ఈమెయిళ్లను పేర్కొనిన 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015లో కొట్టివేసినది. అది జనుల నోరు నొక్కుటకు వాడబడుచుండినది గనుక నాకు దుఃఖము లేదు.

కావున మిగిలిన కావలి జల్లెడ యంత్రమే. దానికి ఆధారము 18వ శతాబ్దపు మతాచార్యుడు థామస్ బేయిస్ చెప్పిన సంభావ్యతా సూత్రము. 2002లో పాల్ గ్రాహం వ్రాసిన వ్యాసముతో అది ఈ పనికి ప్రసిద్ధమైనది. ఏ మాట చెత్త జాబులలో ఎంత తఱచు, మంచి జాబులలో ఎంత తఱచు అని లెక్కించి తీర్పు చెప్పును. నేడు మఱికొన్ని లెక్కలును తోడైనవి.

గత సంవత్సరము ఆ కావలివాడు నా శిష్యురాలి జాబును చెత్తపెట్టెలో బడవేసెను. అరటితోటలలో కూలిచేయు తల్లికి ఆమె యొక్కతే బిడ్డ. దూరపు కాలేజీలో సీటు వచ్చినది. "చాలా అర్జంటు సార్. మూడు రోజుల్లో ఎనిమిది వేలు కట్టాలి. దయచేసి సాయం చేయండి. అకౌంటు నంబరు కింద రాసినాను" అని వ్రాసినది. ఇందు మోసగాడు వాడని మాట యొక్కటియు లేదు. యంత్రమునకేమి తెలియును? కష్టములో నున్నవారి మాటలన్నియు దొంగలు ముందే యెత్తుకొనిపోయిరి.

నేను చూచునప్పటికి పదునొకండు దినములు గడచినవి. సిగ్గుతో ఫోను చేసితిని. తల్లి కమ్మలు కుదువబెట్టి రుసుము కట్టినదట. "మీరు పలకకపోతే, మీకే ఇబ్బందిగా ఉందేమో అనుకుంటి సార్" అన్నది.

కమ్మలు సంక్రాంతికి విడిపించితిమి. నా పెట్టెలో చెత్త ముప్పది దినములకు తనంత తానే చెరిగిపోవును. అందుచే ఇప్పుడు వారమునకు రెండుమాఱులు దానిని తెఱచి, అప్పులవారిని లాటరీవారిని ఒక్కొక్కరినే దాటుచు అడుగుదాక చదువుచున్నాను.